కడవల ఆట

ఆ ఎండాకాలం మా నాయన నాతో మాట్లాడిన మాటలన్నీ కలిపి రాసినా ఒక పోస్టుకార్డు నిండదు. అన్నం పెట్టినానంటే "ఊ." నీళ్ళు తోడినానంటే "ఊ." ఎండ మండిపోతోంది, బయటికి పోవద్దంటే దానికీ "ఊ" అనేవాడు. అని, బయటికి పోయేవాడు.

రెండువేల ఒకటో సంవత్సరం, ఉగాది పోయిన మూడోనాడు గంగాధరప్ప అనంతపురంలో తన వీడియో గేముల అంగడి మూసేసి, లోపలి మిషన్లన్నీ లారీకి ఎత్తించేశాడు. మా నాయన కుళ్ళాయప్ప ఆ అంగడికి వాచ్‌మన్. పని పోయినందుకు నాకేమీ దిగులు లేదు. నేను టౌన్లో కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో పాఠాలు చెబుతున్నాను, ఇద్దరి కడుపులకు చాలు. ఆయనకు కూడా పని పోయిన దిగులు కాదు. లారీలోకి చివరి మిషన్ ఎక్కుతుంటే దాని అద్దాన్ని తన తువ్వాలుతో తుడిచాడట. దారిలో ఎదురై గంగాధరప్పే చెప్పాడు.

"మీ నాయనకు ఆ కడవల ఆటంటే పానమమ్మా. లారీ కనపడకుండా పోయే దాకా ఆడనే నిలబడినాడు."

నాకు ఒళ్ళు మండింది. మండదా మరి? అంతకు ఎనిమిది నెలల ముందు మా అమ్మ ఆంజినమ్మ కువైట్‌కు ఇంటిపనికి పోయింది. ఆనాడు బస్టాండులో ఈ మనిషి కంట చుక్క నీరు రాలేదు. సంచి బస్సులోకి అందించి, "కిటికీ పక్కన కుచ్చో, గాలొస్తాది" అన్నాడు. అంతే. బస్సు మలుపు తిరగకముందే వెనక్కి తిరిగి నడిచాడు. పెళ్ళాం పోతే చెక్కు చెదరని మనిషి, ఆడుకునే పెట్టె పోతే కూడు మానేశాడు.

మేముండేది బుక్కరాయసముద్రంలో, ఎస్తేరమ్మ ఇంటి వెనక గదిలో. అమ్మ ఫోన్ చేస్తే ఎస్తేరమ్మ ఇంటికే రావాలి. మొదట్లో నెలకోసారి శుక్రవారం వచ్చేది. సంక్రాంతి దాటాక రాలేదు. అటువైపు ఫోన్ మోగితే చాలు, నేనూ నాయనా ఇద్దరం గడప దగ్గరికి వచ్చి నిలబడేవాళ్ళం. ఎస్తేరమ్మ కిటికీలోంచి 'మీకు కాదు' అన్నట్టు చెయ్యి అడ్డంగా ఊపేది. ఒకరి ముఖం ఒకరం చూసుకోకుండా లోపలికి వచ్చేవాళ్ళం.

మా సొంతూరు కణేకల్ దిక్కు. ఆడ మా నాయన కాలువకు నీరుగంటి. ఎవరి మడికి ఏ పూట నీళ్ళు మళ్ళాలో చూసి మడవలు తెరిచి మూసే మనిషి. కాలువ చివర నీళ్ళంటే మాటలు కాదు, తలలు పగిలేవి. నాయన మాత్రం ఒకే పద్ధతి పట్టుకున్నాడు. ఒకరి వంతు ఇంకొకరికి ఇవ్వాలంటే, ఆ వంతు గల మనిషి తానే గట్టు మీదికొచ్చి నోటితో చెప్పాలి. కొడుకుతో కబురు పంపితే చెల్లదు. చీటీ రాసి పంపినా చెల్లదు. వంతు గలవాడు రాకపోతే నీళ్ళు వంకలోకి పోయినా పోనిచ్చేవాడు గానీ పక్కవాడి మడవ తెరవనిచ్చేవాడు కాదు. "మొండి ముండాకొడుకు" అని ఊరంతా తిట్టేది, ఊరంతా నమ్మేది. చివరికి చివరి మడవ దాకా నీళ్ళే రాకుండా పోయాయి. నీళ్ళు లేని కాలువకు నీరుగంటి ఎందుకు? అట్లా ఆ ఎండాకాలానికి రెండేళ్ళ ముందు ముగ్గురం అనంతపురం చేరాం. నాయన అంగడికి కాపలా, అమ్మ అదే అంగడిలో ఊడ్పు.

ఒక మాట దాచకుండా చెప్పాలి. రెండేళ్ళలో నేను ఒక్కసారి కూడా ఆ అంగడి మెట్లెక్కలేదు. నా దగ్గర చదువుకునే పిల్లలు ఆడ ఆడుకునేవాళ్ళు. "మేడమ్ వాళ్ళమ్మ ఈడ చీపురు పడతాది" అనుకుంటారని సిగ్గు. ఆ దారిన పోవాల్సి వస్తే ఎదురు వరస నుంచి పోయేదాన్ని.

వారం రోజులు ఆయన సగం ముద్ద తిని లేవడం చూశాక నా కోపం భయంగా మారింది. ఒక పొద్దున చూద్దును కదా, తన బట్టలు రెండు జతలు మడిచి గోనెసంచిలో పెట్టుకున్నాడు.

"యాడికి?" అన్నాను.

"ఊరికి."

"ఆడేముంది? ఇల్లు కూలిపోయె. కాలువలో తుమ్మచెట్లు మొలిచె."

"ఊరకే కుచ్చుంటా."

అంత ఎండలో, కూలిన ఇంట్లో, ఊరకే కూర్చుంటాడట! ఆయన కూర్చుంటే మళ్ళీ లేవడని నాకు తెలుసు. ఇంత పెద్ద ఊళ్ళో నాకు మిగిలింది ఆ "ఊ" అనే గొంతొక్కటే. అదీ పోతే నేనేం కావాలి? "ఆదివారం దాకా ఆగు నాయనా, ఆ ఆట మా కంప్యూటర్లో ఉండాది" అనేశాను. ఉందో లేదో నాకే తెలియదు.

దేవుడి దయవల్ల ఉంది. ఇన్‌స్టిట్యూట్‌లో పాత ఫ్లాపీల డబ్బా బోర్లించి వెదికితే దొరికింది. ఆదివారం పొద్దున్నే తాళం తీసి నాయనను కుర్చీలో కూర్చోబెట్టాను. ఆటేమిటంటే, పై అంతస్తులో ఒక మీసాల లావుపాటి వాడు నిలబడి కింద పడేలా కడవలు దొర్లిస్తుంటాడు. కింద నుంచి ఒక చిన్న మనిషి నిచ్చెనలెక్కుతూ, కడవల మీదుగా ఎగురుతూ, పైకి పోయి గంట కొట్టాలి. మూడు ప్రాణాలు. నా ఫ్లాపీలో చిన్న మనిషి గులాబీ రంగు, కడవలు నీలం.

నాయన తెరను పక్క నుంచి, పై నుంచి, సంతలో ఎద్దును చూసినట్టు చూశాడు.

"నిచ్చెనలు ఏడే ఉండాయి. మిషన్లో తొమ్మిది."

ఆ నెలలో ఆయన మాట్లాడిన అతి పెద్ద వాక్యం అది. నాకు ప్రాణం లేచొచ్చింది. గబగబా నోటుపుస్తకం తీసి రాసుకున్నాను.

"ఇంకా?"

"ఆ మీసాలోడు కాలు తన్నల్యా. మిషన్లో కడవ దొర్లించే ముందర కాలు తంతాడు. అప్పుడు మనం తయారుగా ఉండాల." కొంచెం ఆడాడు. ఒక అంతస్తు ఎక్కాడు. "ఎగిరితే టింగుమనాల. ఇది పిట్ట గొంతు పిసికినట్ల కూస్తాండాది."

మూడు ప్రాణాలూ అయిపోయాయి. ఆట మళ్ళీ మొదటికి వచ్చింది. నాయన కీబోర్డు మీద ఆ కొసనుంచి ఈ కొసకు దేనికోసమో వెదికాడు. ఏమీ అడగలేదు. చేతులు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"ఇది అది కాదు పాపా. పోదాం పా."

సరే, ఇదంతా పాత సరుకు, మంచిది తెస్తే ఎందుకు ఆడడు? అనుకున్నాను. ఎస్తేరమ్మ కొడుకు జాకబ్ అన్న ఒక బడిలో కంప్యూటర్లు చూసుకుంటాడు. ఆయన్ని పట్టుకుంటే నూరు ఆటలున్న సీడీ ఒకటి తెచ్చిచ్చాడు. అందులో కడవల ఆట చూసి నాకే కళ్ళు తిరిగాయి. తొమ్మిది నిచ్చెనలు. మీసాలవాడు కాలు తంతాడు. ఎగిరితే టింగుమంటుంది. కడవల మీద వెలుగు కూడా మెరుస్తుంది. నోటుపుస్తకంలో నాయన చెప్పిన తేడాలన్నిటికీ ఎదురుగా గీతలు కొట్టుకుంటూ పోయాను. ఒక్కటీ మిగల్లేదు.

తర్వాతి ఆదివారం జాకబ్ అన్న కూడా వచ్చాడు. నాయన రెండు అంతస్తులు ఎక్కాడు, గంట దాకా పోయాడు, చచ్చిపోయాడు. మళ్ళీ కీబోర్డంతా చూపుతో వెదికాడు.

"ఎట్లుండాది మామా?" అన్నాడు జాకబ్ అన్న.

"బాగుండాదప్పా. సినిమా మాదిరి ఉండాది." లేచి తువ్వాలు భుజాన వేసుకున్నాడు. "నాకొద్దు."

అప్పుడు తెగింది నాకు.

"ఏంటికొద్దు? ఇంకేం తక్కువయిందని? రెండు వారాల నుంచి నిచ్చెనలు లెక్క పెడతాండా నేను! అమ్మ పోయినప్పుడు ఇంత దిగులు పడినావా నువ్వు? ఒక్క మాటన్నా అడిగినావా, ఫోన్ ఏంటికి రాల్యా అని?"

జాకబ్ అన్న గోడ వైపు చూశాడు. నాయన చెప్పులేసుకుని మెట్లు దిగిపోయాడు. ఆటో ఎక్కలేదు, బస్సెక్కలేదు. చైత్ర వైశాఖాల మధ్య మిట్టమధ్యాహ్నం టౌన్ నుంచి బుక్కరాయసముద్రం దాకా నడిచిపోయాడు. నేను వచ్చేసరికి చాప మీద గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నాడు. గోనెసంచి తలకింద ఉంది. అన్న మాట వెనక్కి తీసుకోవాలని ఎంతో ఉంది, నోరు రాలేదు. ఆయన కూతుర్ని కదా.

మూడు రోజులకు జాకబ్ అన్న ఒక బియ్యం సంచి మోసుకొచ్చాడు. అందులో బడి కొట్టులో పడున్న పాతకాలపు కంప్యూటర్. కంప్యూటరంటే ఏమీ లేదు, లావుపాటి కీబోర్డు, దాన్ని టీవీకి తగిలించాలి. ఆటను టేపురికార్డరులో క్యాసెట్ పెట్టి ఎక్కించాలి.

"ఇది మరీ ముష్టిది హేమా" అని ముందే చెప్పాడు. "ఉత్తినే, వరస పూర్తి చేసినట్ల చూపిస్తాం. పోయేదేముంది?"

ఎస్తేరమ్మ చిన్న బ్లాక్ అండ్ వైట్ టీవీ మా గదిలోకి వచ్చింది. క్యాసెట్ తిరుగుతుంటే కీచురాళ్ళు వెయ్యి కలిసి అరిచినట్టు అయిదు నిమిషాలు గోల. సగంలో కరెంటు పోయింది. వచ్చాక మళ్ళీ మొదటి నుంచి గోల. చివరికి బొమ్మ పడింది. ఇదేం ఆటరా దేవుడా! చిన్న మనిషి చీమంత ఉన్నాడు. నిచ్చెనలు అయిదు. మీసాలవాడికి మీసాలే లేవు. సీడీలో నాలుగు రకాల మేడలుంటే ఇందులో రెండే. నేను నోటుపుస్తకం తెరవను కూడా తెరవలేదు.

ఆట మొదలయ్యే ముందు తెర మీద ఒక ప్రశ్న వచ్చింది. ఆడేది ఒకరా, ఇద్దరా? ఒకటి నొక్కాలా, రెండు నొక్కాలా?

నాయనకు చదువు రాదు, అంకెలు వచ్చు. చాప మీద నుంచి లేచి వచ్చాడు. తెరకు దగ్గరగా వంగి చూశాడు. చూపుడు వేలితో రెండు నొక్కాడు.

ఆ రోజు నుంచి ఆయన తిన్నాడు. పొద్దున్నే లేచి, తానే క్యాసెట్ పెట్టి, ఆ గోల పూర్తయ్యే దాకా టీ తాగుతూ ఓపిగ్గా కూర్చునేవాడు. గోనెసంచిలో బట్టలు మళ్ళీ దండెం మీదికి వచ్చాయి. నాకు అర్థం కాలేదు. తొమ్మిది నిచ్చెనలున్న రంగుల ఆట వద్దన్న మనిషి ఈ చీమల ఆటకు ఎట్లా అతుక్కుపోయాడు? ఆయన ఆడేటప్పుడు నేను ఇన్‌స్టిట్యూట్‌కు పోయే హడావుడిలో ఉండేదాన్ని, సరిగా చూసింది లేదు.

ఒక మే నెల ఆదివారం వెనక కూర్చుని చూశాను. నాయన తన ఆట ఆడాడు. బాగానే ఎక్కాడు, పడ్డాడు. రెండో మనిషి వంతన్నట్టు తెర మీద రెండు అంకె వచ్చింది. ఆయన వెంటనే రెండు చేతులూ కీబోర్డు మీద నుంచి తీసి మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. చిన్న మనిషి కింది అంతస్తులో కదలకుండా నిలబడి ఉన్నాడు. పై నుంచి కడవ దొర్లుకుంటూ, ఒక్కో అంతస్తూ దిగుతూ, తీరిగ్గా వచ్చి వాడిని కొట్టేసింది. మళ్ళీ ఒకటి అంకె. నాయన చేతులు కీబోర్డు మీదికి వచ్చాయి.

"నాయనా, అప్పుడేంటికి ఆడల్యా?"

"అది నాది కాదు."

"మరెవరిది?"

"మీ అమ్మది." తెర మీద నుంచి చూపు తిప్పలేదు. "పొద్దున్నే అంగడి తెరవకముందర ఇద్దరం ఆడేటోళ్ళం. గంగాధరప్ప లోపలి మీట నొక్కి ఆట ఇచ్చేటోడు. నాకంటే మీ అమ్మే బాగా ఆడతాది. చీపురు సంకలో పెట్టుకోని, ఒంటిచేత్తో గంట కొడతాది." ఒక కడవ దాటించి అన్నాడు, "ఆమె పోయినాక గూడా మిషన్లో ఇద్దరు మనుషుల బొత్తామే నొక్కేవాణ్ణి. నీ కంప్యూటర్లలో ఆ బొత్తాం ల్యా."

నా నోటుపుస్తకంలో నిచ్చెనలున్నాయి, కడవలున్నాయి, కాలు తన్నడాలున్నాయి. ఇది లేదు. రెండేళ్ళు ఆ అంగడి మెట్లెక్కనిదాన్ని, నాకెట్లా తెలుస్తుంది?

మళ్ళీ రెండు అంకె వచ్చింది. చిన్న మనిషి కింద నిలబడ్డాడు. చూస్తూ ఉండలేకపోయాను. వాడినట్లా నిలబెట్టి చంపడమేమిటని, ఎగిరిద్దామని చెయ్యి చాపాను. నాయన నా మణికట్టు పట్టుకున్నాడు. నెత్తురాడనంత గట్టిగా పట్టుకున్నాడు.

"ముట్టుకోవద్దు. ఒకరి మడవ మనం తెరవగూడదు."

"ఆమె లేదు గదా నాయనా ఈడ!"

"లేకపోతే నీళ్ళు వంకలో పోతాయి. పోనీ. వంతు మాత్రం ఆమెదే."

కడవ వచ్చింది, కొట్టింది. నేను ఏడ్చాను. అమ్మ పోయాక ఆ గదిలో నోరు తెరిచి ఏడవడం అదే మొదలు. నాయన నా మణికట్టు వదిలి, పట్టుకున్న చోట బొటనవేలితో రుద్దాడు.

జూన్ మొదటి శుక్రవారం సాయంత్రం ఎస్తేరమ్మ కిటికీలోంచి చెయ్యి అడ్డంగా కాదు, రమ్మని ఊపింది. నా చెప్పులు ఒకటి ఈడ, ఒకటి ఆడ. ఫోన్ అందుకుంటే అమ్మ గొంతు బావిలోంచి వచ్చినట్టుంది.

"హేమా, ఇల్లు మార్చినారమ్మా నన్ను. ఆ ఇంట్లో ఫోన్ ముట్టుకోనియ్యరు. ఇప్పుడు కదిరామె ఒకామె ఫోన్ ఇచ్చింది. బాగుండావా? మీ నాయన బాగుండాడా?" అని ఊపిరి తీసుకుని, గబగబా మింగేసినట్టు చెప్పింది. "ఇంకా రెండేండ్లు ఉండమంటాండారు. ఊ అనేసినాను."

ఫోన్ నాయన చేతికిచ్చాను. ఎప్పుడు ఇచ్చినా 'ఆ, ఆ' అని రెండు ముక్కలు మాట్లాడి ఇచ్చేసే మనిషి. అమ్మ ఆయనకూ అదే చెప్పింది. ఆ ఫోన్లో అవతలి గొంతు గదంతా వినిపిస్తుంది.

"ఈ పొద్దు నువ్వు మూడుసార్లు సచ్చిపోయినావు" అన్నాడు నాయన.

"ప్రభువా!" అని ఎస్తేరమ్మ గుండెల మీద చెయ్యి వేసుకుంది.

"నిలబడుకోనే సచ్చిపోయినావు. కింది అంతస్తులోనే."

ఫోన్లోంచి అమ్మ నవ్వు వినపడింది. ఎనిమిదేండ్ల పిల్ల నవ్వినట్టు కిలకిల నవ్వింది. "కడవల ఆటా? నీ మొగం మండ, ఎగిరించొచ్చు గదప్పా నన్ను!"

"నీ వంతు నేనెట్ల ఆడేది?"

నవ్వు ఆగిపోయింది. కాసేపు గరగర శబ్దం. తర్వాత అమ్మ గొంతు వేరేగా వచ్చింది.

"హేమకియ్యి నా వంతు. రెండేండ్లు ఉత్తగా ఏంటికి పోగొట్టేది? ఆ బిడ్డ ఆడుకుంటాది. నేను చెప్తాండా గదా, ఇయ్యి."

నాయన ఫోన్ ఈ చెవి నుంచి ఆ చెవికి మార్చుకున్నాడు. నేనున్నానని, ఎస్తేరమ్మ ఉందని ఆయనకు గుర్తున్నట్టు లేదు.

"ఫోన్లో చెప్తే చెల్లదు మే" అన్నాడు. "వచ్చి చెప్పు."

లైన్ పోయిందనే అనుకున్నాను. చాలాసేపటికి, ముక్కు ఎగబీల్చిన శబ్దం వెనక, చిన్నగా వినపడింది.

"ఊ."

ఫోన్ పెట్టేసి గదిలోకి వచ్చాం. ఇద్దరం కూడు ముట్టుకోలేదు. నాయన క్యాసెట్ పెట్టాడు. కీచురాళ్ళ గోల అయిదు నిమిషాలు. ప్రశ్న వచ్చింది, రెండు నొక్కాడు. నొక్కి పక్కకు జరిగాడు.

"కుచ్చో. నా వంతు నీకిస్తాండా."

"నీదా?"

"నాదే. నేను ఈడనే ఉండా గదా, నా నోటితోనే చెప్తాండా. ఆడు."

నేను ఆడాను. కంప్యూటర్ పాఠాలు చెప్పేదాన్నే, మొదటి నిచ్చెన కూడా సరిగా ఎక్కలేకపోయాను. "కాలు తన్నేటప్పుడు చూసుకో... ఆ, ఇప్పుడెగురు... అయ్యో" అని పక్కనుంచి చెబుతూనే ఉన్నాడు. ఈ ఆటలో వాడు కాలు తన్నడని ఆయన మరచిపోయాడు. నేను పడ్డాను. తెర మీద రెండు అంకె వచ్చింది.

చేతులు తీసి మోకాళ్ళ మీద పెట్టుకున్నాను. నాయన కూడా పెట్టుకున్నాడు. కింది అంతస్తులో అమ్మ నిలబడి ఉంది. పైన కడవ కదిలింది. మొదటి నిచ్చెన దాటింది, రెండోది దాటింది. మేమిద్దరం ఏమీ ముట్టుకోకుండా చూస్తూ కూర్చున్నాం.